ఎవరి మనిషికి ఎవరు కట్టాలి చందా? – ఇ.ఎస్.ఐ. చట్టమూ, యజమానుల మాటా

హైదరాబాదులో ఎర్రగడ్డ వైపు వెళ్ళే బస్సెక్కి "ఇ.ఎస్.ఐ." అంటే చాలు, కండక్టరు మరో మాట అడగకుండా టికెట్టు చేతిలో పెడతాడు. ఆ మూడక్షరాలు అక్కడ ఒక స్టాపు పేరు. ఇప్పుడు మెట్రో స్టేషను పేరు కూడా ఆ ఆసుపత్రిదే. వాటి వెనకనున్న చట్టం పేరు ఉద్యోగుల రాజ్య బీమా చట్టం. అందులో 'రాజ్యం' అంటే రాష్ట్రం కాదు, ప్రభుత్వం. ప్రభుత్వం నడిపే బీమా అన్నమాట. అయితే ఆ బీమాకు డబ్బు ప్రధానంగా ప్రభుత్వం ఇవ్వదు. యజమానీ, కార్మికుడూ కడతారు. అందులోనూ పెద్ద వాటా యజమానిది.

ఈ చట్టాన్ని గురించి కార్మికుల వైపు నుండి రాసినవి చాలా ఉన్నాయి. రాయవలసినవే. కాని డబ్బు కట్టేవాడు దీన్ని ఏ కంటితో చూశాడన్న సంగతి నాకు తెలుగులో అంతగా కనబడలేదు. చూడకుండానే మనం ఒక తీర్పు ఇచ్చేస్తూ ఉంటాం: యజమాని అన్నవాడు కట్టనంటాడు, ప్రభుత్వం ముక్కు పిండి వసూలు చేస్తుంది అని. చరిత్ర అంత సూటిగా లేదు. నాకు అర్థమైనంతలో యజమానుల అభ్యంతరాలు రెండు జాతులవి. ఒకటి, "అందరితో పాటు నేనూ కడతాను, నా ఒక్కడి నెత్తిన వెయ్యకండి" అనేది. రెండవది, "ఇతను నా మనిషి కాడు" అనేది. మొదటిదానికి చట్టం తలవంచింది. రెండవదానితో దశాబ్దాలుగా పెనుగులాడుతూనే ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంచెం వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాలి. కార్మికులకు నిర్బంధ ఆరోగ్య బీమాను దేశవ్యాప్తంగా చట్టం చేసిన తొలి దేశం జర్మనీ. 1883లో బిస్మార్క్ హయాంలో వచ్చిన ఆ చట్టం ప్రకారం చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడివి, ఒక వంతు యజమానిది. మరుసటి ఏడే, 1884లో, ప్రమాద బీమా చట్టం వచ్చింది. దాని ఖర్చు పూర్తిగా యజమానులదే. విచిత్రమేమంటే ఆ ప్రమాద బీమా కావాలని ముందుగా అడిగినవారిలో పెద్ద పరిశ్రమల అధిపతులూ ఉన్నారు. బోకుమ్ పట్టణంలోని ఉక్కు కంపెనీ అధిపతి లూయీ బారె అందులో ముఖ్యుడు. ఆయన దానగుణం సంగతి నాకు తెలియదు గాని, లెక్క మాత్రం స్పష్టంగా ఉంది. 1871 నాటి చట్టం ప్రకారం యజమాని తప్పు రుజువైతే నష్టపరిహారం ఇవ్వాలి. అంటే ప్రతి ప్రమాదమూ ఒక దావా. కోర్టు ఎంత విధిస్తుందో ముందుగా తెలియదు, పైగా కార్మికులతో వైరం. దానికన్నా ఏటా తెలిసిన మొత్తం కట్టి నిశ్చింతగా ఉండడం మేలనిపించింది. బ్రిటన్‌లో 1911 చట్టం వచ్చినప్పుడు కార్మికుడు నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వం రెండు. నాలుగు ఇస్తే తొమ్మిది దక్కుతాయన్నది అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి నినాదం.

మన దేశంలోనూ కథ ప్రమాదంతోనే మొదలైంది. 1923లో కార్మిక నష్టపరిహార చట్టం వచ్చి, పనిలో చెయ్యో కాలో పోతే యజమాని డబ్బు చెల్లించాలంది. 1929లో బొంబాయి రాష్ట్రం ప్రసూతి సౌకర్యాల చట్టం చేసింది. ఈ రెండింటిలోనూ భారం ఆ ఒక్క యజమానిదే. దీని దుష్ఫలితం ఊహించడం కష్టం కాదు. కాన్పు ఖర్చు మొత్తం తన మీదే పడుతుందని తెలిసినవాడు ఆడవాళ్ళను పనిలోకి తీసుకోవడానికే వెనకాడతాడు, తీసుకున్నా కడుపుతో ఉందని తెలియగానే వదిలించుకోజూస్తాడు. మంచి చట్టం చెడు నడతకు బహుమానం ఇచ్చినట్టయింది. బీమా ఈ ముడిని విప్పుతుంది. మిల్లులో ఆడవాళ్ళు ఎందరున్నా, ఎవరికి ఏ జబ్బు చేసినా, యజమాని కట్టేది జీతాలను బట్టే. కాబట్టి ఒకరిని తప్పించి ఒకరిని తీసుకోవడంలో లాభం ఉండదు.

1929లో నియమితమైన విట్లీ కమిషను 1931లో నివేదిక ఇస్తూ జబ్బు బీమా సంగతి చూడమంది. ఆ కమిషనులో కార్మికుల తరఫున ఎన్.ఎం. జోషీ, దివాన్ చమన్‌లాల్ ఉంటే, మరో వైపు ఘనశ్యామ్ దాస్ బిర్లా ఉన్నాడు. యజమానుల మాట వినకుండా చేసిన సిఫారసులు కావవి. తరువాత పన్నెండేళ్ళు పెద్దగా ఏమీ జరగలేదు. 1943లో, అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో, ఆర్థిక శాస్త్ర ఆచార్యుడు బి.పి. అదార్కర్‌కు ఈ పని అప్పగించారు. 1944లో ఆయన నివేదిక వచ్చింది. బ్రిటన్‌లో బెవరిజ్ నివేదిక వచ్చి రెండేళ్ళయినా కాలేదు, అందుకే ఈయనకు 'ఛోటా బెవరిజ్' అని పేరు వచ్చింది. బట్టల మిల్లులు, ఇంజనీరింగు, ఖనిజ లోహ పరిశ్రమలు, ఈ మూడింటితో మొదలుపెట్టమన్నాడాయన. అంతర్జాతీయ కార్మిక సంస్థ నుండి వచ్చిన స్టాక్, రఘునాథరావు అనే ఇద్దరు నిపుణులు దాన్ని పరిశీలించి, జబ్బుతో పాటు ప్రసూతినీ, పనిలో ప్రమాదాన్నీ ఒకే బీమాలో కలపమనీ, ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలన్నిటికీ వర్తింపజేయమనీ సూచించారు. 1946లో బిల్లు సభ ముందుకు వచ్చింది. 1948 ఏప్రిల్‌లో చట్టమైంది.

ఆ చట్టంలో యజమానికి దక్కినదేమిటో, పోయినదేమిటో పక్కపక్కన పెట్టి చూడాలి. దక్కినది: బీమాలో ఉన్న కార్మికుడికి పనిలో గాయమైతే ఇక 1923 చట్టం కింద నష్టపరిహారం యజమాని ఇవ్వనక్కర్లేదు, సంస్థే చూసుకుంటుంది. పోయినది: తన వాటాతో పాటు కార్మికుడి వాటాను కూడా ముందు తానే కట్టాలి. కార్మికుడి వాటాను జీతంలో పట్టుకోవచ్చు, తన వాటాను మాత్రం పట్టుకోకూడదు. జబ్బు భత్యం తీసుకుంటున్న రోజుల్లో మనిషిని పనిలో నుండి తీసెయ్యకూడదు. ఫ్యాక్టరీలో అపరిశుభ్రత వల్ల జబ్బులు మామూలుకన్నా పెరిగాయని తేలితే, ఆ అదనపు ఖర్చును సంస్థ ఆ యజమాని నుండే రాబట్టవచ్చు. బోకుమ్‌లో కుదిరిన బేరమే ఇక్కడా కుదిరింది. తెలియని పెద్ద నష్టానికి బదులు తెలిసిన చిన్న ఖర్చు.

మరి చట్టం వచ్చిన నాలుగేళ్ళ దాకా ఒక్క డిస్పెన్సరీ కూడా ఎందుకు తెరుచుకోలేదు? కారణాల్లో ముఖ్యమైనది కాన్పూరు. దేశమంతటా ఒకేసారి పథకం పెట్టడానికి డాక్టర్లూ లేరు, ఆసుపత్రులూ లేవు. అందుకని ముందు కాన్పూరు, ఢిల్లీ అనుకున్నారు. అక్కడి యజమానులు అడ్డం తిరిగారు. వాళ్ళన్నది నా మాటల్లో చెబితే ఇది: "మా మిల్లులో నేసిన గుడ్డా, బొంబాయిలో నేసిన గుడ్డా ఒకే బజారులో అమ్ముడుపోతాయి. మాకొక్కరికే చందా వేస్తే మా గుడ్డ ధర పెరుగుతుంది. వాళ్ళు బాగుపడతారు, మేము మునుగుతాము." ఇది ఎగవేత వాదమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అంకగణితం వాళ్ళ వైపే ఉంది.

ప్రభుత్వం దీనికి కనిపెట్టిన ఉపాయం గమనించదగ్గది. 1951లో చట్టాన్ని సవరించి 'యజమానుల ప్రత్యేక చందా' అనే కొత్త అధ్యాయం చేర్చింది. దాని ప్రకారం పథకం వచ్చిన ఊళ్ళలోని యజమాని తన మొత్తం జీతాల పద్దులో నూటికి 1.25 కట్టాలి. పథకం ఇంకా రాని ఊళ్ళలోని యజమాని కూడా నూటికి 0.75 కట్టాలి. కార్మికుడు మాత్రం తన ఊరికి పథకం వచ్చాకనే కడతాడు. అంటే కాన్పూరు యజమాని ఫిర్యాదును తీర్చడానికి దేశంలోని ఫ్యాక్టరీ యజమానులందరినీ ఒకే పద్దులోకి తెచ్చారు. ఒక్క డిస్పెన్సరీ లేని ఊళ్ళో మిల్లు నడుపుతున్నవాడు, ఎక్కడో గంగ ఒడ్డున ఉన్న కార్మికుడి మందులకు డబ్బిచ్చాడు. 'సామాజిక' అన్న విశేషణానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. అది పరస్పరం పోటీపడే వ్యాపారుల అసూయలో నుండి పుట్టిందన్నది ఇంకా రుచికరమైన విషయం.

1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ పథకాన్ని ప్రారంభించాడు. మొదటి గౌరవ బీమాదారుగా తన పేరే రాయించుకున్నాడు. అదే రోజున ఢిల్లీలోనూ మొదలైంది. రెండు చోట్లా కలిపి సుమారు 1,20,000 మంది కార్మికులు. సంస్థ మొదటి డైరెక్టర్ జనరల్ డాక్టర్ చూనీలాల్ కటియాల్. ఈయన 1938లో లండన్‌లోని ఫిన్స్‌బరీకి మేయరై, అక్కడ పేరుపొందిన ఆరోగ్య కేంద్రం కట్టడంలో ముందు నిలిచినవాడు. హైదరాబాదు, సికింద్రాబాదులకు పథకం 1955లో చేరింది. అప్పట్లో వైద్యం కార్మికుడికి మాత్రమే, భార్యాబిడ్డలకు లేదు. కుటుంబాలకు విస్తరించడం 1958లో మొదలైంది.

అయితే మన ప్రాంతంలో మిల్లు అనగానే గుర్తుకొచ్చేవి చాలా వరకు ఈ చట్టం వెలుపలే ఉండిపోయాయి. పత్తి జిన్నింగు, వేరుశనగ కాయ ఒలిచే మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు, వీటన్నిటినీ 'సీజను ఫ్యాక్టరీలు' అన్న నిర్వచనంలో పెట్టి మినహాయించారు. ఏడాదిలో కొన్ని నెలలే చందా కట్టే మనిషికి మిగతా నెలల్లో హక్కు ఎలా లెక్కపెట్టాలన్నది చిక్కుప్రశ్నే. కాని ఫలితం చూడండి. ఆదోనిలో పత్తి దుమ్ము పీల్చినవాడికి బీమా లేదు. నగరంలో ఏడాది పొడుగునా నడిచే బట్టల మిల్లులో అదే దుమ్ము పీల్చినవాడికి ఉంది.

* * *

పథకం నిలదొక్కుకున్నాక యజమానుల ఫిర్యాదుల తీరు మారింది. మొదటిది, దొంగ సర్టిఫికెట్లు. డిస్పెన్సరీ డాక్టరు అడిగినవాడికల్లా సెలవు చీటీ రాసిస్తున్నాడనీ, పండగలప్పుడు, కోతలప్పుడు జబ్బులు ఎక్కువవుతున్నాయనీ వారి గోల. ఇందులో నిజం లేకపోలేదు. కాని ఆ కాలం మిల్లు కార్మికుడు సగం రైతు. ఊళ్ళో పంటకు వెళ్ళడానికి సెలవివ్వని యజమాని, అతనికి జబ్బు చీటీ తప్ప వేరే దారి మిగల్చలేదన్నది కూడా నిజమే.

రెండవది, "మేము ఇంతకన్నా బాగా చూసుకుంటున్నాము, మమ్మల్ని వదిలెయ్యండి" అన్నది. దీనికీ ఆధారం ఉంది. జంషెడ్‌పూరులో టాటా ఉక్కు కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం, 1915లో ఉచిత వైద్యం పెట్టింది. ఇ.ఎస్.ఐ. చట్టం కన్నా 33 ఏళ్ళు ముందు. అటువంటివారి కోసం మినహాయింపు ఇచ్చే అధికారం చట్టంలోనే ఉంది. సొంత ఆసుపత్రి ఉన్న కంపెనీల్లో కార్మిక సంఘాలు కూడా యజమానితో కలిసి మినహాయింపు అడిగిన సందర్భాలున్నాయి. కాని మంచి జీతం, మంచి ఆరోగ్యం ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే తప్పుకుంటే, ఆ ఉమ్మడి కుండలో మిగిలేది రోగులూ, బీదలూ మాత్రమే. బీమా అన్నది పదిమందీ ఉంటేనే బీమా.

మూడవది, అన్నిటికన్నా మొండిది, "ఇతను నా మనిషి కాడు" అన్నది. దీనికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక ఉదాహరణ మన హైదరాబాదుదే. దాని పేరు రాయల్ టాకీస్ కేసు. సినిమాహాలు యజమాని క్యాంటీనునూ, సైకిల్ స్టాండునూ కాంట్రాక్టర్లకు ఇచ్చాడు. ఆ కాంట్రాక్టర్లు తమ మనుషులను పెట్టుకున్నారు. ఇ.ఎస్.ఐ. సంస్థ వచ్చి, వాళ్ళకు కూడా చందా నువ్వే కట్టాలని హాలు యజమానిని అడిగింది. ఆయన జవాబు మనం ఊహించగలిగినదే: నేను ఆడించేది బొమ్మ, టీ అమ్మేవాడితో, సైకిళ్ళకు చీటీలిచ్చే కుర్రాడితో నాకేం సంబంధం?

1978లో తీర్పు ఇచ్చిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు ఆ సంబంధం ఏమిటో చూపించారు. సైకిలు పెట్టుకోవడానికి చోటు లేని హాలుకు, విరామంలో తాగడానికి టీ దొరకని హాలుకు జనం రావడం తగ్గుతుంది. కాబట్టి ఆ రెండూ హాలు వ్యాపారానికి అనుబంధాలే. పని జరిగేది హాలు ఆవరణలోనే. జీతం ఎవరి చేతి మీదుగా ఇచ్చినా, ప్రధాన యజమాని హాలు యజమానే. ముందు ఆయన చందా కట్టి, తరువాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. ఇందులో ఆయనకు చివరికి పోయేది కూడా ఏమీ లేదు. మస్టరులో పేరుందా లేదా అని కాక, ఆ మనిషి పని వల్ల ఎవరి వ్యాపారం నడుస్తోందని కోర్టు చూసింది. ఇంటర్వెల్లులో సమోసా తిన్న మనలో ఎంతమందికి ఆ కుర్రాడు ఎవరి మనిషి అన్న ప్రశ్న తట్టింది?

లెక్కల విషయంలోనూ ఇదే పెనుగులాట. 1948 చట్టం కరెంటు వాడే ఫ్యాక్టరీలో 20 మంది ఉంటే వర్తిస్తుందంది. అప్పటినుండి చిన్న యజమానులు కొందరికి 19 అన్నది చాలా ఇష్టమైన అంకె అయింది. 1989లో కరెంటు వాడే ఫ్యాక్టరీలకు దాన్ని 10కి తగ్గించారు. ఇష్టమైన అంకె 9 అయింది. జీతం వైపు నుండి చూస్తే, మొదట్లో నెలకు 400 రూపాయల లోపు వారికే. ఆ పరిమితి 1966లో 500, 1975లో 1,000, 1997లో 6,500, 2010లో 15,000, 2017 జనవరిలో 21,000 అయింది. పరిమితి పెంచిన ప్రతిసారీ యజమానుల సంఘాలు భారమన్నాయి. పెంచకపోతే జీతం కాస్త పెరిగిన కార్మికుడు బీమాలో నుండి జారిపోతాడు, అదీ తరచుగా వయసు మీరి వైద్యం అవసరమైన రోజుల్లో.

ఇక యజమానుల ఫిర్యాదుల్లో నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోచేది చివరిది. "మేము కడుతున్నాము, మా మనిషికి అందేది ఏది?" డిస్పెన్సరీలో మందు లేక, బయట కొనుక్కుని, ఆ చీటీ పట్టుకుని యజమాని దగ్గరకే వచ్చిన కార్మికుడికి ఎందరో చిన్న యజమానులు తమ జేబులో నుండి ఇచ్చారు. అంటే ఒకే జబ్బుకు రెండుసార్లు కట్టారు. వైద్యం నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు సంస్థది, ఒక వంతు రాష్ట్రానిది. ఒకరు డబ్బిచ్చి మరొకరు నడిపే ఏర్పాటులో తప్పు ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. 2019లో తెలంగాణలో ఇ.ఎస్.ఐ. మందుల కొనుగోళ్ళలో అక్రమాల ఆరోపణలపై అవినీతి నిరోధక శాఖ కేసులు పెట్టి అరెస్టులు చేసింది. అదే ఏడు జూలై నుండి కేంద్రం చందాను తగ్గించింది. యజమాని వాటా నూటికి 4.75 నుండి 3.25కు, కార్మికుడిది 1.75 నుండి 0.75కు. యజమానులు సంతోషించారు. కాని వాళ్ళు అడిగిన ప్రశ్న "ఎంత కట్టాలి" అన్నది ఒక్కటే కాదు. "కట్టినది ఎక్కడికి పోతోంది" అన్నది కూడా. మొదటిదానికి జవాబు దొరికింది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీతో దీన్ని పోల్చి చూస్తే మరో సంగతి బోధపడుతుంది. అందులో డబ్బు ప్రభుత్వ ఖజానాది. యజమాని ప్రసక్తే లేదు, కాబట్టి అతని సణుగుడూ లేదు. బీదవాడికి పెద్ద ఆపరేషను చేయించిన ఆ పథకాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని అక్కడ "నా డబ్బు" అని నిలదీసేవాడు లేడు. ఇ.ఎస్.ఐ.లో ఇద్దరున్నారు. సణిగే యజమాని ఒక విధంగా ఆ పద్దుకు కాపలాదారు. చిక్కేమంటే, ఆ కాపలాదారు సగం సమయం పద్దును చూడడం మాని, మస్టరులో పేర్లు కొట్టేస్తూ కూర్చున్నాడు.

2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి, 1948 చట్టాన్ని తనలో కలుపుకుంది. పదిమంది అన్న లెక్క దానిలోనూ ఉంది. అయితే ప్రభుత్వం ప్రకటించిన ప్రమాదకరమైన పనుల్లో ఒక్క మనిషి ఉన్నా బీమా వర్తింపజేయవచ్చంది. ఇరవై నుండి పది, పది నుండి ఒకటి. కాగితం మీదనైనా, "ఇతను నా మనిషి కాడు" అన్న వాదానికి మిగిలిన చోటు ఇరుకైపోతోంది.

జీతం చీటీలో 'ఇ.ఎస్.ఐ.' అన్న గడిలో కార్మికుడికి కనబడేది అతని దగ్గర కోసిన వాటా. యజమాని కట్టినది చాలా చోట్ల ఆ చీటీలో ఉండదు. అందుకే కాబోలు, అతను అది తన డబ్బే అనుకుంటాడు, యజమాని అది తన డబ్బే అనుకుంటాడు. 1951లో కాన్పూరు యజమానులు అడిగినది న్యాయంగా ఉంది గనుక, వారికి వచ్చిన జవాబు దేశమంతటికీ పనికివచ్చింది. ఈసారి ఎవరైనా చిన్న ఫ్యాక్టరీ పెట్టిన మిత్రుడు మీ దగ్గర ఇ.ఎస్.ఐ. గురించి విసుక్కుంటే వెంటనే వాదానికి దిగకండి. ఆయన అడుగుతున్నది కాన్పూరు ప్రశ్నో, రాయల్ టాకీస్ ప్రశ్నో కాస్త ఓపిగ్గా వినండి.